మేయర్ బీకో, మా అమ్మ గసి

"పాలు పిండేసి పిప్పి పారేస్తావేట్రా? ఈ చెట్టు కాయ చూడ్డానికి ఎన్నేళ్ళు పట్టిందో తెలుసా నీకు?"

మొన్న మా అమ్మ ఇలా అంటూ నా చేతిలోంచి గిన్నె లాక్కుంది. అప్పటికి నాలుగు కాయలు కోరి, గోరువెచ్చటి నీళ్ళు చిలకరించి, పాత పంచె ముక్కలో మూటకట్టి పిండుతున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె. ఇల్లు దాటితే కొబ్బరి తోటే. అయినా కొబ్బరితో మా ఇంట్లో చేసేవి నాలుగే: కూరలో కోరు, పచ్చడి, లౌజు, దేవుడికి కాయ. మిగిలింది వ్యాపారికి. పాలు తీసి వండటం నాకు నేర్పింది ఒక ఫిలిప్పీన్స్ ఆయన. అదీ నడిసముద్రంలో.

నేను సరుకు ఓడల్లో ఫిట్టర్ని. తొమ్మిది నెలలు ఓడ, మూడు నాలుగు నెలలు ఇల్లు. ఓడలో ఫిలిప్పీన్స్ వాళ్ళు చీఫ్ కుక్కుని "మేయర్" అని పిలుస్తారు. మయోర్దోమో అనే స్పానిష్ మాటని అలా పొట్టి చేసుకున్నారట. కొత్తలో నాకది తెలియక, ఈయన నిజంగానే వాళ్ళ ఊరికి ఏదో ప్రెసిడెంటు అనుకుని రెండు వారాలు లేచి నిలబడి మరీ మాట్లాడాను. మధ్యాహ్నం మూడింటికి ఇంజన్ రూమ్ నుంచి నూనె చేతులతో పైకి వచ్చేసరికి టేబుల్ మీద ఏదో ఒకటి ఉండేది. దాన్ని వాళ్ళు మెరియెందా అంటారు. మన సాయంత్రం టిఫిన్ లాంటిది, కాకపోతే పొద్దున పదింటికీ ఉంటుంది, మధ్యాహ్నం మూడింటికీ ఉంటుంది. దారిన పోయేవాణ్ణి కూడా "కాఇన్ తాయో" అని పిలుస్తారు, తిందాం రా అని. తినకుండా వెళ్తే మా అమ్మలాగే చిన్నబుచ్చుకుంటారు.

మేయర్ది లేటే దీవి. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను మా పక్క తీరం దాటిన రోజు నేను ఓడలోనే ఉన్నాను. ఇంటికి ఫోన్ కలవలేదు. మర్నాడూ కలవలేదు. మేయర్ నన్ను గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, కూర్చోబెట్టి సలబాత్ ఇచ్చాడు. అల్లం దంచి, నీళ్ళలో బాగా మరగనిచ్చి, బ్రౌన్ షుగర్ కలిపేదే సలబాత్. మన అల్లం టీలో టీపొడీ పాలూ తీసేస్తే అదే. అది తాగుతుంటే తన సంగతి చెప్పాడు. 2013 నవంబర్ 8న యొలాండా తుఫానుకి వాళ్ళ తోట మొత్తం ఒరిగిపోయిందట. అదే తుఫానుని బయట హైయాన్ అంటారు. "ఇల్లు ఏడాదిలో కట్టేసుకున్నాం, చెట్టుకి మాత్రం ఏడేళ్ళు ఆగాలి" అన్నాడు. తర్వాత ఇంటికి ఫోన్ కలిసింది. నాన్న మొదట చెప్పింది మనుషుల గురించి, తర్వాత ఎన్ని చెట్లు నిలబడ్డాయో. చేతి వేళ్ళు చాలాయి లెక్కకి.

2019లో నాటిన మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. అమ్మ కాయ కాయకీ లెక్క అడగడం అందుకే.

సరే, బీకో. జిగురు బియ్యంతో, కొబ్బరి పాలతో, బెల్లంతో చేసే తీపి. పోయినసారి సెలవులో మన సోనా మసూరితో చేసి భంగపడ్డాను. ఎంత కలిపినా మెతుకు మెతుక్కి అంటుకోదు. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "పరమాన్నం మాడ్చావు" అని గిన్నె పక్కన పెట్టేసింది. ఈసారి సింగపూర్లో దిగినప్పుడు రెండు కిలోల జిగురు బియ్యం, ఒక ప్యాకెట్ ఆ పిండీ సూట్‌కేసులో పెట్టుకొచ్చాను. బియ్యం వేరే వండుకోవాలి. పొయ్యి మీద రెండో పిండుడు పాలు, బెల్లం కరిగించి చిక్కబడ్డాక అన్నం వేసి తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి. గిన్నె అంచు వదిలేదాకా. అరిసెల పాకం పట్టిన చేతులకి ఇది లెక్కలోది కాదు గానీ, నా భుజం రెండు రోజులు లాగింది. వాళ్ళు వేసేది బ్రౌన్ షుగర్. నేను అనకాపల్లి బెల్లం వేశాను, నా మటుకు నాకు అదే బాగుంది. మేయర్ ఒప్పుకోడు.

అసలు సంగతి పైన చల్లేదాంట్లో ఉంది. మొదటి పిండుడులో వచ్చిన చిక్కటి పాలని వాళ్ళు కాకాంగ్ గాటా అంటారు. దాన్ని విడిగా మూకుట్లో పోసి సన్నటి సెగ మీద ఉంచితే నీరంతా ఇంకి, నూనె తేలి, అడుగున తెల్లటి పలుకులు మిగులుతాయి. అవి ఎర్రగా వేగితే లాతిక్. దాన్ని బీకో మీద చల్లుతారు. నేను మూకుడు దగ్గర కూర్చుని కదుపుతుంటే వీధి అరుగు మీద నుంచి అమ్మ కేకేసింది.

"నూనె కాస్తున్నావేటి?"

వచ్చి మూకుట్లోకి తొంగి చూసింది. గరిటెతో రెండు పలుకులు తీసి, ఊదుకుని నోట్లో వేసుకుంది. "ఇది గసి కదరా!" అంది. తన చిన్నప్పుడు మా అమ్మమ్మ తలనూనె ఇంట్లోనే ఇలా కాచేదట. నూనె సీసాకెత్తాక అడుగున మిగిలిన గసిలో బెల్లం ముక్క నలిపి ఇస్తే, అయిదుగురు గుంటలూ కొట్టుకు చచ్చేవారట. "మీరు పుట్టేసరికి కొట్టు నూనె వచ్చేసింది. మరి కాయలేదు." నలభై రెండేళ్ళ నాకు ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే, "అదేటి సెప్పుకునే తిండా" అంది. గిన్నె లాక్కున్న మనిషే పక్కన పీట వేసుకుని, సెగ తగ్గించమనీ మాడిపోతోందనీ నాకు నేర్పడం మొదలుపెట్టింది. పిప్పి కోళ్ళకి వేసింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తురోన్ చెయ్యడానికి మే నెలకి మించింది లేదు. వాళ్ళ సబా అరటికి మన ముగ్గిన బొంత అరటి సరిగ్గా సరిపోయింది. నిలువుగా కోసి, పంచదారలో దొర్లించి, పక్కన పనస తొన చీలిక పెట్టి, పల్చటి మైదా రేకులో చుట్టి వేయిస్తారు. నూనెలో పంచదార కరిగి పైన గాజులా పట్టుకుంటుంది. పనసని వాళ్ళు "లంకా" అంటారు. మొదటిసారి మేయర్ "లంకా లేకపోతే తురోనే కాదు" అంటే, మనం కొలంబో ఎప్పుడు చేరతామోనని ఆలోచించాను.

పలితావ్ పిల్లలకి వదిలేశాను. జిగురు పిండిని నీళ్ళతో ముద్ద చేసి, నాలుకలా వత్తి, మరిగే నీళ్ళలో వెయ్యాలి. తేలితే ఉడికినట్టు. పేరుకి అర్థమే తేలడమట. తీసి కొబ్బరి కోరులో దొర్లించి వేయించిన నువ్వులూ పంచదారా చల్లుకోవడమే. సాగో గులమాన్‌కి సగ్గుబియ్యం ఉడికించి, చైనా గ్రాస్ ముక్కలు కోసి, బెల్లం పాకం, ఐసు వేసి గ్లాసుల్లో పోశాను. మా చిన్నది మూడు గ్లాసులు తాగి రాత్రి అన్నం మానేసింది. తిట్లు నాకు.

చంపొరాదో దగ్గర మాత్రం ఇల్లు రెండుగా చీలింది. జిగురు బియ్యం గంజిలో కోకో, పంచదార వేసి పైన పాలు పోస్తారు. దానికి నంజుడు ఎండు చేప. చాక్లెట్ మెక్సికో నుంచి వాళ్ళకి చేరింది. 1565 నుంచి 1815 దాకా మనీలాకీ అకపుల్కోకీ మధ్య స్పెయిన్ ఓడలు తిరిగాయి కదా, వాటిలో. నేను నెత్తళ్ళు వేయించి పక్కన పెట్టగానే మా ఆవిడ ముక్కు మూసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నాన్న మాత్రం నింపాదిగా గిన్నె దగ్గరకి జరుపుకుని, ఒక చెంచా గంజి, ఒక నెత్తల్లు, మళ్ళీ ఒక చెంచా గంజి. "గంజిలో ఎండు చేప మనకి కొత్తేటి? తీపొక్కటే ఎక్కువ" అని రెండోసారి పెట్టించుకున్నాడు.

బీకోని అరటాకు మీద సర్ది ఫొటో తీసి మేయర్‌కి పంపాను. మెచ్చుకుంటాడనుకున్నాను. "ఆకుని మంట మీద చూపించావా?" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. చూపించలేదు. చీలిక ఫొటోలో కనబడిపోయింది.

మర్నాడు మిగిలిన బీకో మీద చల్లుదామని లాతిక్ సీసా కోసం వంటింట్లో అరలన్నీ వెతికాను. లేదు. పెరటి మెట్టు మీద అమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో సీసా, చేతిలో బెల్లం ముక్క. నన్ను చూసి సీసా కొంగు కింద పెట్టింది.