నుదుటికి రాసిన వేలు

శనివారం, పర్లాకిమిడి.

పొద్దున్నే అత్తయ్యని రేషన్ షాపుకి తీసుకెళ్ళాను. పలాసలో ఏళ్ళ తరబడి జీడిపిక్కలు కొట్టిన చేతులు ఆవిడవి. ఆ పిక్కల నూనెకి వేళ్ళ కొసలు కాలి కాలి నున్నబడిపోయాయి. వేలిముద్ర మిషన్ మీద బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు పెట్టింది, అదీ పడలేదు. నాకు టెన్షన్ మొదలైంది. వెనక లైన్లో ఉన్నావిడ "నుదుటికి రాసి పెట్టు పెద్దమ్మా" అంది. అత్తయ్య వేలిని నుదుటి మీద, తర్వాత జుట్టులో గట్టిగా రుద్ది పెట్టింది. పడింది! మనిషికి 5 కిలోల చొప్పున బియ్యం తూచి పోశారు.

ఇంటికొచ్చేసరికి పాప 'హంగర్ గేమ్స్' చదువుతూ కూర్చుంది. చీటీలు తీసి పిల్లల్ని బరిలోకి దింపి, ఒకర్నొకరు చంపుకుంటుంటే టీవీలో చూపించే రాజ్యం కథ అది. ప్లస్ టూలో చేరిన దగ్గర్నుంచీ ఇంగ్లీషు నవలలు వదలడం లేదు.

"అమ్మా, ఇది సైబర్‌పంకే అంటోంది మా ఫ్రెండు. అవునా?"

కాదన్నాను. సైబర్‌పంక్ అంటే కంప్యూటర్లు బతుకంతా అల్లుకుపోయిన రేపటి లోకంలో, వీధి మనుషుల కథలు. బరంపురంలో చదువుకునే రోజుల్లో అలాంటిదే, విలియం గిబ్సన్ 1984లో రాసిన 'న్యూరోమాన్సర్' చదివాను. అందులో కేస్ అనే కుర్రాడు పనిచ్చినవాళ్ళకే టోపీ పెడితే, వాళ్ళు అతని నరాలు పాడుచేసి కంప్యూటర్ లోకానికి దూరం చేస్తారు. ఆ మిషన్లే అతని బతుకుతెరువు. 'హంగర్ గేమ్స్'లో బరిలోకి దిగే అమ్మాయి కాట్నిస్ చేతిలో ఉన్నది విల్లు. యంత్రాలన్నీ రాజ్యమేలే రాజధాని కాపిటల్ వాళ్ళవి, పై నుంచి వచ్చి మీద పడేవి.

పాప ఊరుకోలేదు. "బరిలోకి దింపే ముందు చేతిలో ట్రాకర్ గుచ్చుతారు కదా? కెమెరాల ముందు ప్రేమ నటించి కాట్నిస్ వాళ్ళని ఆడిస్తుంది కదా?"

అక్కడ నిజంగానే ఆగిపోయాను. కాసేపటికి చెప్పాను: ఆమె ఆడించేది చూసే జనాన్ని. యంత్రం లోపలికి ఆమె చెయ్యి వెళ్ళదు. సైబర్‌పంక్‌లో వీధిలో మనిషి ఆ యంత్రం గుట్టు పట్టి, తనకి కావలసినట్టు వంచుకుంటాడు.

"పిల్లల కథ కాబట్టి కాదంటున్నావా?"

అది మాత్రం ఒప్పుకోను. అసలు సైబర్‌పంక్ అనే పేరు పుట్టిందే బ్రూస్ బెత్కే కథ నుంచి. 1983లో అచ్చయిన ఆ కథ కంప్యూటర్లతో ఆడుకునే కుర్రాళ్ళదే. 2002లో ఎం. టి. ఆండర్సన్ రాసిన 'ఫీడ్' కూడా ఆ వయసువాళ్ళ కోసమే. అందులో పిల్లల బుర్రల్లోకే నెట్, ప్రకటనలు దూరిపోతాయి. అది సైబర్‌పంక్ అంటే నేను వెంటనే సరే అంటాను.

'హంగర్ గేమ్స్'లో నన్ను పట్టి కుదిపేది వేరే. చీటీలో పేరు ఇంకోసారి వేయించుకుంటే, ఒక మనిషికి ఏడాదికి చాలీచాలని గింజలు, నూనె ఇస్తారు. పదహారేళ్ళకి కాట్నిస్ పేరు 20 చీటీల మీద ఉంటుంది. పొద్దున్న తెచ్చిన బియ్యం డబ్బాలో పోస్తుంటే అదే మెదిలింది. తిండికి ఒంటిని తాకట్టు పెట్టించే రాజ్యం కథ అది. పాతకాలపు రాజుల కథలకి దగ్గర చుట్టం.

పాప మామ్మ దగ్గరికెళ్ళి ఆ వేళ్ళని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. "నుదుటికి రాస్తే ఎలా పడింది మామ్మా?"

"జిడ్డు తగిలితే పడతాదే" అంది అత్తయ్య.

రాత్రి ఆవిడ వేళ్ళకి కొబ్బరినూనె రాశాను. వచ్చే నెల దాకా రోజూ రాయాలి.