బరమా

"తాత మనుషుల తలకు రంధ్రాలు పెట్టేవాడని నాకెందుకు చెప్పలేదు?" అని మా పదకొండేళ్ల వాడు మొన్న ఆదివారం నన్ను ఇంగ్లీషులో నిలదీశాడు.

తిరుపతిలో ఉన్న మా నాన్న న్యూరోసర్జన్‌గా పనిచేసి రిటైరయ్యారని వాడికి తెలుసు. అంతకు మించి తెలియకపోవడానికి కారణం నేనే. తాతతో తెలుగులోనే మాట్లాడాలని ఆరేళ్ల క్రితం నేను పెట్టిన నియమం పుణ్యమా అని, వాళ్లిద్దరి మధ్య ఇన్నాళ్లూ "తిన్నావా", "తిన్నాను", "బాగా చదువుతున్నావా", "ఆ" అన్న మాటలే నడిచాయి. ఆ నియమాన్ని వాడికి ప్రతి వారం ఇంగ్లీషులోనే గుర్తుచేసేదాన్నని కూడా ఒప్పుకోవాలి.

ఆ రోజు వాడు ఫోన్ ముట్టుకోనన్నాడు. నేను అలిగి వంటింట్లోకి వెళ్లి, తిరిగి వచ్చేసరికి ఫోన్ తెర మీద నాన్న ఒక కొబ్బరికాయను ఒళ్లో పెట్టుకుని, దాని మీద పెన్నుతో గుర్తు పెట్టి, ఇంగ్లీషులో పాఠం చెబుతున్నారు. కణత దగ్గర ఎముక పల్చగా ఉంటుందని, దాని లోపలి వైపున ఆనుకుని పోయే రక్తనాళం దెబ్బకు చిట్లితే నెత్తురు గడ్డకట్టి మెదడును నొక్కుతుందని, చింతచెట్టు మీద నుంచి పడిన ఒక కుర్రవాడు లేచి కూర్చుని మంచినీళ్లు తాగి, రెండు గంటల తర్వాత స్పృహ తప్పాడని చెప్పారు. లండన్‌లో 1971లోనే తొలి రోగికి సీటీ స్కాన్ తీశారు గానీ, నాన్న వేలూరులో పని నేర్చుకునే నాటికి అది ఆయన చేతికి అందలేదు. మెడలోని నాళంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసేందుకు కూడా వ్యవధి లేనప్పుడు, ఏ కంటిపాప పెద్దదైతే ఆ వైపే రంధ్రం పెట్టేవారట. ఎముక తెగే ముందు చేతికి తెలుస్తుందని, అక్కడ ఆగకపోతే మెదడులోకి దిగుతుందని చెబుతూ ఆయన మణికట్టు తిప్పి చూపించారు.

మా జిల్లాలో పెద్ద జబ్బంటే వేలూరే. దేశంలో తొలి న్యూరోసర్జరీ విభాగం 1949లో మొదలైంది అక్కడేనని, దాన్ని స్థాపించింది డాక్టర్ జేకబ్ చాందీ అని నేను కూడా ఆ రోజే విన్నాను. మా మధ్య ఏ నియమమూ లేకపోయినా, నేనెప్పుడూ నాన్నను ఇవి అడగలేదు. రాత్రి ఆలస్యంగా వచ్చారని అలగడం మాత్రమే నాకు తెలుసు. ఇంట్లో తెలుగే మాట్లాడమని స్నేహితులకు ఉచిత సలహాలు ఇచ్చే నేను, ఏ భాషను కాపాడుతూ ఎవరిని దూరం పెట్టానో ఇప్పుడు నాకే తెలియడం లేదు. తెలుగు వదిలేయమని మాత్రం నోరు రావడం లేదు.

ఆ గంటసేపట్లో నాన్న వాడిన ఒకే ఒక్క తెలుగు మాట "బరమా". అర్థం ఏమిటని మా వాడు అడిగితే నాకు తెలియలేదు. వడ్రంగి చెక్కకు తూట్లు పెట్టే పనిముట్టని, తాత చేతిలోనిది కూడా అలాంటిదేనని వాడే నాకు చెప్పాడు. వచ్చే ఆదివారం నియమం ఉంటుందో లేదో నేనింకా తేల్చుకోలేదు. వాడు మాత్రం కొబ్బరికాయ తెచ్చిపెట్టమన్నాడు.