కువైట్‌లో నేర్చుకున్న మూడో పైపు సంగతి

లీవులో వచ్చి పన్నెండు రోజులైంది, అందులో నాలుగు రోజులు మా బావ ట్రాక్టర్ కిందే పడుకోనుండా. మాది పాకాల దగ్గర పల్లె, నేను కువైట్‌లో వఫ్రాలో ఒక మజ్రాలో ట్రాక్టర్లు, జనరేటర్లు చూసుకుంటా, పదకొండేళ్లయింది. మజ్రా అంటే తోటే. ఊర్లో వాళ్లకి కువైట్ అంటే డ్రైవరు పనో ఇంటి పనో, అక్కడ కూడా టమోటా పండిస్తారు, పేడ దిబ్బలు ఎత్తాల్సొస్తుంది అంటే ఎవురూ నమ్మరు.

బావకి పది ఆవులుండాయి. పేడ ఎత్తేదానికి కూలోళ్లు దొరకడం లేదని సెకండ్ హ్యాండ్లో ఫ్రంట్ లోడర్ కొన్నాడు, అంటే ట్రాక్టర్ ముందర ఎత్తి దించే బకెట్టు, దాంతో పాటు గడ్డీ చెత్తా పట్టుకునే పంజా కూడా వచ్చింది, గ్రాపుల్ అంటారు దాన్ని. పంపు ఆయిల్‌ని బకెట్టుకి పంపే లివర్ల వాల్వు మాత్రం రాలేదు. మా ఊరి వెల్డింగ్ అబ్బోడు వచ్చి చూసి, "ఏముందన్నా, పంపు ఆయిల్ వాల్వులోకిద్దాం, వాల్వు ఔట్ నుంచి వెనక లిఫ్టుకిద్దాం, ఐపోయె" అనినాడు. లిఫ్టంటే ట్రాక్టర్ వెనక రోటవేటర్ లాంటివి ఎత్తేది. నాకు గుండె ఝల్లుమంది, ఎందుకంటే 2016లో నేనూ అచ్చం అట్లే చేసినా.

ఎండాకాలం అది, జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట పని చేయించకూడదని అక్కడ రూలు, అందుకని సాయంత్రం మొదలుపెట్టి రాత్రికి బిగించేసినా. బకెట్టు లేస్తా ఉంది, దిగుతా ఉంది, కఫీలు, అంటే మా యజమాని, చూసి "జైన్, జైన్" (బాగుంది, బాగుంది) అంటున్నాడు, నేను పొంగిపోయినా. తెల్లారి వెనక రోటవేటర్ తగిలించి లిఫ్ట్ లేపితే వాల్వు పక్క సీలు టప్పుమని ఎగిరింది, వేడి ఆయిల్ చొక్కా మొత్తం. కంట్లో పడలేదు, అంతే అదృష్టం.

ఈజిప్టు మెకానిక్ ఒకాయన నవ్వి, స్క్రూడ్రైవర్‌తో ఇసకలో మూడు గీతలు గీసినాడు. మామూలు వాల్వుకి ఔట్ అనేది ఊరికే ట్యాంకుకి పొయ్యే దారి, అది ప్రెషర్‌కి తట్టుకోదు. దాని వెనక లిఫ్ట్ పెడితే, లిఫ్ట్ బరువు ఎత్తేటప్పుడు వచ్చే ప్రెషరంతా వెనక్కొచ్చి ఆ ఔట్ మీదే పడుతుంది. అందుకే మూడు పైపులుండాలి: ఒకటి పంపు నుంచి లోపలికి, ఒకటి నేరుగా ట్యాంకుకి, మూడోది లిఫ్టుకి. ఆ మూడోదాన్ని పవర్ బియాండ్ అంటారు, దానికి వాల్వులో వేరే స్లీవు, చిన్న గొట్టం లాంటి ముక్క, పడాల, అన్ని వాల్వులకీ పట్టదు కూడా. జీతంలో కోసిన దినార్ల గురించి చెప్పను, పోనీలే.

ఇదంతా వెల్డింగ్ అబ్బోడికి చెప్తే, "ఒక్క పైపుకి ఇంత కథనా" అంటాడు. ఐనా విన్నాడు, మంచోడు. చిత్తూరు పోయి పవర్ బియాండ్ ఉన్న రెండు లివర్ల వాల్వు తెచ్చినాం, ఎత్తే లివరుకి ఫ్లోట్ ఉండేది చూసి మరీ, అది లేకుంటే బకెట్టు నేల వాటం ప్రకారం పోదు, గీసుకుంటా పోతుంది. పంజాకి మూడో లివరు పెట్టలేదు, బకెట్టు తిప్పే పైపుల మీద ఆయిల్ దారి మళ్లించే 12 వోల్టుల డైవర్టర్ వేసి లివరు మీద బటన్ పెట్టినాం. బటన్ నొక్కితే పంజా, వదిలితే బకెట్టు, రెండూ ఒకేసారి కదలవు. పేడకి ఇది చాలు అని నా లెక్క.

నాలుగోనాడు నాకే దెబ్బ పడింది. అరంగుళం నిప్పల్, అంటే పైపు కలిపే మరల ముక్క, ఒకటి సరిగ్గానే ఎక్కింది, టేపు చుట్టినా, బిగించినా, కారతానే ఉంది. విప్పి చూస్తే అది ఎన్‌పీటీ, అమెరికా రకం మర, వాల్వుది బీఎస్‌పీ, బ్రిటిష్ రకం. అరంగుళంలో రెండిటికీ అంగుళానికి 14 మరలే, అందుకే ఎక్కేస్తుంది, కానీ మర కోణం వేరు, ఒకటి 60 డిగ్రీలు ఇంకోటి 55. పదకొండేళ్ల ఎక్స్‌పీరియన్సు అని ఊరంతా చెప్పుకున్నోడిని, అక్క ముందర పరువు పోయింది. బావ చెయ్యి పెట్టి ఎక్కడ కారతాందో తడమబోతే గట్టిగా అరిచినా, సన్న చిల్లు నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి సూదిలా దిగిపోతుంది, అట్టముక్క పెట్టి చూడాల.

సాయంత్రం నిప్పల్ మార్చి, వెనక బరువుకి రెండు ఇసక మూటలు కట్టి, మొదటి దిబ్బ ఎత్తినాం. ఆదివారం నా ఫ్లైటు. పంజా బటన్ వైరు ఇంకా ఇన్సులేషన్ టేపుతోనే ఉంది, దానికి రిలే వెయ్యాల.