అయిదు అనుకున్నాను, 4.7 దగ్గర ఆగాను

నా డెస్క్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ5-8600కె. 2017లో వచ్చిన ఆరు కోర్ల ప్రాసెసర్. పేరు చివర ఆ 'కె' ఉందంటే మల్టిప్లయర్‌కి తాళం వేయలేదని అర్థం. మదర్‌బోర్డు కూడా జెడ్370 చిప్‌సెట్‌దే. ఓవర్‌క్లాక్ చేయడానికి, అంటే కంపెనీ పెట్టిన స్పీడు దాటించడానికి, కావలసినవన్నీ ఇంట్లోనే ఉన్నా కొన్నేళ్లపాటు దాని జోలికి పోలేదు. వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టాక, ఒక్కో ఎక్స్‌పోర్ట్‌కి 42 నిమిషాలు కాచుక్కూర్చోవాల్సి వచ్చినప్పుడు ఆ 'కె' గుర్తొచ్చింది.

లెక్క తేలికే. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్. దాన్ని మల్టిప్లయర్‌తో హెచ్చిస్తే స్పీడు వస్తుంది. 41 పెడితే 4.1 గిగాహెర్ట్జ్, 50 పెడితే 5.0. ఆరు కోర్లూ ఒకేసారి పనిచేస్తున్నప్పుడు కంపెనీ ఇచ్చిన స్పీడు 4.1. నాకేమో 5.0 మీద మనసు పడింది. ఎందుకంటే చెప్పడానికి కారణం లేదు, అంకె గుండ్రంగా ఉంది, అంతే.

మొదటిరోజే తప్పు చేశాను. బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి మల్టిప్లయర్ 48 పెట్టి, వోల్టేజ్‌ని మాత్రం 'ఆటో'లో వదిలేశాను. బోర్డుకి నాకన్నా బాగా తెలుసు కదా అనుకున్నాను. విండోస్ చక్కగా ఓపెన్ అయింది. పక్కన వేడి, వోల్టేజ్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి, ప్రాసెసర్ మీద పూర్తి బరువు మోపి పరీక్షించే ప్రైమ్95 మొదలుపెట్టాను. అర నిమిషం కాలేదు, టెంపరేచర్ 97 డిగ్రీలు! వోల్టేజ్ చూస్తే 1.41. ఎందుకైనా మంచిదని బోర్డు తనంతట తానే అంత ధారపోసింది. వెంటనే ఆపేశాను.

ఆ రాత్రి కూర్చుని చదివితే ఒక సంగతి బోధపడింది. వేడికి ప్రాసెసర్‌లోనే కాపలా ఉంది. ఈ చిప్ 100 డిగ్రీలకు చేరితే తనే స్పీడు తగ్గించుకుంటుంది, అప్పటికీ అదుపులోకి రాకపోతే సిస్టమ్ ఆగిపోతుంది. బయోస్‌లో మనం చేత్తో ఇచ్చే వోల్టేజ్‌కి మాత్రం అలాంటి కాపలా లేదనే అనుకోవాలి. ఎక్కువ ఇచ్చినా ఆ రోజు ఏమీ కాదు. నెలల తరబడి అలాగే వాడితే చిప్ లోలోపల అరుగుతుంది. నిన్నటిదాకా ఓ వోల్టేజ్ దగ్గర నడిచిన స్పీడుకి ఇంకొంచెం కావాలంటుంది. అందుకే మానిటర్ అంచున ఓ కాగితం అంటించాను: 1.35 వోల్టులు, 85 డిగ్రీలు. ఈ రెంటిలో ఏది దాటినా వెనక్కి రావడమే. ఇవి ఎవరో పెట్టిన చట్టం కాదు, నా ధైర్యానికి నేను గీసుకున్న గీతలు.

మళ్లీ మొదటికొచ్చాను. బయోస్‌ని డిఫాల్ట్‌కి మార్చి, కూలర్ విప్పి చూస్తే, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చే థర్మల్ పేస్ట్ ఎండిపోయి పెచ్చులు కట్టి ఉంది. తుడిచి కొత్తది పూసి, దుమ్మంతా దులిపాను. ఏ సెట్టింగూ మార్చకుండానే ఫుల్ లోడ్ మీద 71 ఉండే టెంపరేచర్ 64కి దిగింది. ఓవర్‌క్లాక్ సంగతి అలా ఉంచితే, ఈ పని ఎప్పుడో చేయాల్సింది. ర్యామ్‌ని ఎక్కువ స్పీడుతో నడిపే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ కూడా ఆపేశాను, రేపు హ్యాంగ్ అయితే తప్పు ర్యామ్‌దా ప్రాసెసర్‌దా అని తలపట్టుకోకుండా. ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్ ఊడదీసి పక్కన పెట్టాను. ఈ మొత్తంలో మొదటిసారే సరిగ్గా చేసిన పని అదొక్కటే.

ఇక మెట్టు మెట్టుగా. వోల్టేజ్‌ని చేత్తో 1.20 పెట్టి, మల్టిప్లయర్‌ని 43 నుంచి ఒక్కొక్కటే పెంచుతూ, ప్రతిసారీ సినీబెంచ్ అనే స్పీడు పరీక్ష నడిపేవాణ్ని. విండోస్ కుప్పకూలి బ్లూ స్క్రీన్ వస్తే వోల్టేజ్ 0.01 పెంచి మళ్లీ. అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. 4.5 దాకా 1.20 తోనే వచ్చింది. 4.6కి 1.22, 4.7కి 1.26, 4.8కి 1.31. 4.9కి వచ్చేసరికి కాగితం మీది గీత దాటి 1.37 ఇచ్చినా తూలుతూనే ఉంది. మెట్లు పైకి పోయేకొద్దీ నిటారుగా అవుతున్నాయన్నమాట. పవర్ అనేది స్పీడుతో పాటు, వోల్టేజ్ వర్గంతోనూ పెరుగుతుంది. నా అంకెలతోనే లెక్కేశాను: 4.7 నుంచి 4.9కి పోతే స్పీడు 4 శాతం పెరుగుతుంది, పవర్ సుమారు 23 శాతం పెరుగుతుంది. ఆ వేడంతా మోయాల్సింది కూలరే.

మధ్యలో ఇంకో చిక్కు. బయోస్‌లో ఇచ్చినంత వోల్టేజ్ లోడ్ పడ్డాక ఉండదు, కొంత పడిపోతుంది. దాన్ని సరిచేయడానికే లోడ్ లైన్ కాలిబ్రేషన్ ఉంది. అన్నిటికన్నా పై లెవెల్ పెడితే పోలా అనిపిస్తుంది కానీ, అప్పుడు లోడ్ తగ్గిన క్షణంలో వోల్టేజ్ ఇచ్చినదానికన్నా పైకి ఎగురుతుంది. మధ్య లెవెల్‌లో ఉంచాను.

4.8 దగ్గర సినీబెంచ్ వరసగా పదిసార్లు పాస్ అయింది. పని అయిపోయిందనుకుని మూడు రోజులు హాయిగా వాడుకున్నాను. నాలుగో రోజు ఎక్స్‌పోర్ట్ 80 శాతం దగ్గర ఆగిపోయింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుని, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. మర్నాడు ఓ జిప్ ఫైల్ విప్పుతుంటే ఫైల్ పాడైందని ఎర్రర్. అదే జిప్‌ని రెండోసారి విప్పితే బాగానే వచ్చింది. అప్పుడు వెలిగింది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే డబ్ల్యూహెచ్‌ఈఏ ఎర్రర్లు, అంటే హార్డ్‌వేర్ తప్పులు, బారులు తీరి ఉన్నాయి. ప్రాసెసర్ తప్పు చేస్తోంది, దిద్దుకుంటోంది, దిద్దుకోలేనప్పుడు నా ఫైల్ మీద పడుతోంది. బ్లూ స్క్రీన్ వస్తే కనీసం తెలుస్తుంది. ఈ చప్పుడు చేయని తప్పులే నన్ను భయపెట్టాయి.

అదే సెట్టింగ్ మీద రాత్రంతా ప్రైమ్95 వదిలాను. రెండు గంటల పది నిమిషాలకు దాని వర్కర్లలో (ఒక్కో కోర్ మీద నడిచే లెక్కల్లో) ఒకటి ఆగిపోయి కనిపించింది. రౌండింగ్ 0.4 కన్నా తక్కువ ఉండాల్సింది 0.5 వచ్చిందట. 1.34కి పెంచితే ఆ తప్పు పోయింది కానీ టెంపరేచర్ 88 అయింది. కాగితం వైపు చూసి 4.7కి దిగాను. సినీబెంచ్‌కి సరిపోయిన 1.26 దీనికి చాల్లేదు, 1.28 ఇస్తే ఎనిమిది గంటలు తప్పు లేకుండా నడిచింది. ఎక్కువలో ఎక్కువ 79 డిగ్రీలు.

ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ అని ఒకటుంది. ఏవీఎక్స్ సూచనలు (ఒకేసారి ఎన్నో అంకెల మీద లెక్క చేయించేవి) వాడే బరువైన పనులప్పుడు స్పీడు దానంతటదే తగ్గేలా చేస్తుంది. తెలివిగా అందులో 2 పెట్టాను. తీరా ఎక్స్‌పోర్ట్ నడుస్తుంటే స్పీడు 4.5 చూపిస్తోంది! వీడియో ఎన్‌కోడింగ్ కూడా ఏవీఎక్స్ వాడుతుంది మరి. ఏ పని కోసం ఇంత తిప్పలు పడ్డానో దానికే కోత. సున్నా చేశాను. ప్రైమ్95 కూడా ఏవీఎక్స్‌తోనే నడిపి మళ్లీ చూసుకున్నాను.

చివర్లో ర్యామ్ ప్రొఫైల్ ఆన్ చేసి ఇంకో రాత్రి పరీక్ష పెట్టాను. తర్వాత వోల్టేజ్‌ని అడాప్టివ్‌కి మార్చాను, ఖాళీగా ఉన్నప్పుడు తగ్గేలా. 42 నిమిషాల ఎక్స్‌పోర్ట్ ఇప్పుడు 37 నిమిషాల్లో అవుతోంది. ఎండలు ముదిరాక గది వేడెక్కి అదే పరీక్ష 86 చూపించింది, అందుకని ఆ నెలల కోసం 4.6తో ఇంకో ప్రొఫైల్ బయోస్‌లో దాచుకున్నాను.

1.35 దాటనని కాగితం అంటించిన నేనే, 5.0 మీద యావ చావక ఏకంగా 1.39 ఇచ్చాను. మొదటిసారి అసలు స్క్రీనే రాలేదు. పవర్ కేబుల్ పీకి, బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీసి పెట్టి బయోస్‌ని రీసెట్ చేయాల్సి వచ్చింది. రెండోసారి విండోస్ దాకా వెళ్లింది. ప్రాసెసర్ స్పీడు చూపించే సీపీయూ-జెడ్‌లో 5.0 కనపడగానే ఫోన్‌తో ఫొటో తీశాను. ఆ ఫొటో ఇంకా నా ఫోన్‌లో ఉంది. దాని తర్వాతి ఫొటో, పదకొండు సెకన్ల తేడాతో తీసింది, బ్లూ స్క్రీన్‌ది.