ఎస్ పక్కనే డి

ఇవాళంతా పది అక్షరాల చుట్టూనే గడిచింది. విడవలూరు దగ్గర మా బావ రొయ్యల గుంటల్లో నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు నడిపే చిన్న పైథాన్ ప్రోగ్రాముకి డీబగ్గర్, అంటే తప్పులు వెతికే సాధనం, రాస్తా ఉండా. లైను లైనుకీ ఆపి చూసుకునే పని కుదిరింది. ఏ ఆదేశానికి ఏ అక్షరం ఇవ్వాలనేదే మిగిలింది.

నా వేళ్లకి జీడీబీ అనే డీబగ్గర్ అలవాటు. ఎన్ కొడితే తర్వాతి లైను, ఎస్ కొడితే ఫంక్షన్ లోపలికి, సి కొడితే మళ్లీ పరుగు. ఎస్‌తో మొదలయ్యే ఆదేశాలు అందులో ఇంకా ఉన్నాయి, అయినా ఆ అక్షరాన్ని స్టెప్‌కే రాసిచ్చేశారు. నాకు బాగా నచ్చిన నిర్ణయం అది. మాటిమాటికీ కొట్టేదానికే పొట్టి పేరు దక్కాలి. సెట్, షో పూర్తిగా రాసుకుంటే ఏం పోయింది?

చిక్కు డి దగ్గరొచ్చింది. జీడీబీలో డి అంటే డిలీట్. పక్కన నంబరు లేకుండా కొడితే, ప్రోగ్రాము ఎక్కడెక్కడ ఆగాలో మనం పెట్టుకున్న గుర్తులు, అంటే బ్రేక్‌పాయింట్లన్నీ తీసెయ్యాలా అని అడుగుతుంది. పైథాన్ సొంత డీబగ్గర్ పీడీబీలో అదే డి అంటే డౌన్, ఒకదాన్నొకటి పిలిచిన ఫంక్షన్ల వరసైన కాల్ స్టాక్‌లో ఒక మెట్టు కిందికి. రెండూ వాడే మనిషి ఏ అర్థాన్ని వేలికి నేర్పాలి? పైగా కీబోర్డు మీద ఎస్‌కి ఆనుకునే డి. మొన్న గంటసేపు ఏరి పెట్టుకున్న బ్రేక్‌పాయింట్లు వేలు జారి పోయాయి, నా సాధనంలో ఆ అడగడం కూడా ఇంకా పెట్టలేదు మరి.

మధ్యాహ్నం అక్క పంపిన చేపల పులుసు క్యారేజీతో బావ వచ్చాడు. తిన్నాక స్క్రీన్ చూపించా. ఏరియేటర్లు ఆపేదానికి 'కె' అని ఉండటం చూసి ముఖం మార్చాడు.

"ఆపేదానికి మాత్రం ఒక్కక్షరం పెట్టబాకరా అబ్బయ్యా. తెల్లారుజామున మూడింటికి నిద్దర కళ్లతో నేనేం నొక్కుతానో ఎవురికి తెలుసు?"

ఆయన భయం నిజం. రాత్రి వెలుతురుండదు, నీళ్లలో నాచు ఆక్సిజన్ వదలదు, పైగా రొయ్యలతో పాటు అదీ పీల్చుకుంటుంది. తెల్లారేముందే ఆక్సిజన్ బాగా అడుగంటేది. ఆ వేళ ఏరియేటర్ ఆగితే రొయ్యలు నీళ్లపైకి తేలతాయి.

అప్పటికప్పుడే కె తీసేశా. ఇక ఆపాలంటే మాట పూర్తిగా రాయాలి, పక్కన గుంట నంబరు వెయ్యాలి. ఖాళీ ఎంటర్ కొడితే పాత ఆదేశమే మళ్లీ నడిచే సౌకర్యం ఎన్‌కీ ఎస్‌కీ ఉంచా, దీనికి తీసేశా. జీడీబీ కూడా రన్‌ని అట్టా తిరిగి నడపదు.

డి ఎవరికీ ఇవ్వలేదు. బ్రేక్‌పాయింట్ తీసెయ్యడానికి పూర్తి మాట పెట్టా. పడుకోబోయే ముందు గబగబా ఎస్ కొడతా ఉంటే వేలు రెండుసార్లు డి మీద పడింది. రెండుసార్లూ 'అట్టాంటి ఆదేశం లేదు' అని ఒక్క లైను వచ్చింది. బ్రేక్‌పాయింట్లు పెట్టిన చోటే ఉన్నాయి.