పద్నాలుగు మిల్లీమీటర్ల గోడ

2022లో అమావాస్యకు చెర్వుగట్టు గుడికి వెళ్లాం. మెట్లు సగం ఎక్కేసరికి ఆయాసం వచ్చి కూర్చుండిపోయాను. వయసు 51, పొగ అలవాటు లేదు. నల్లగొండ వచ్చి చూపించుకుంటే బీపీ 170/104. ఎకో, అంటే గుండె స్కానింగ్ తీశారు. గుండె ఎడమ గది గోడ 14 మిల్లీమీటర్లు ఉంది, మామూలుగా అయితే మగవాళ్లకు 10 దాటదట.

డాక్టరమ్మ అర్థమయ్యేలా చెప్పారు. రోజూ సమ్మెట కొట్టేవాడి జబ్బలు బలిసినట్టే, ఎక్కువ ప్రెజర్ మీద రక్తం నెట్టీ నెట్టీ గుండె కండ మందమైంది. మందమైన కండ బిర్రుగా ఉంటుంది, సరిగ్గా వదులు కాదు, లోపలికి రక్తం నిండదు. ఆయాసం అందుకే.

అంతకు నాలుగేళ్ల ముందే నాకు బీపీ ఉందన్నారు. నెల రోజులు మాత్ర వేసుకుని, ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేశాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ బాధగానే ఉంది.

టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్రలు రాశారు. రెండో నెలలో చీలమండలు వాచాయి. ఈసారి నా అంతట నేను ఆపలేదు, వెళ్లి చూపించాను. ఆమ్లోడిపిన్ మోతాదు తగ్గించి ఇంకో మాత్ర కలిపారు.

అసలు కష్టం ఉప్పుతో. రోజుకు అన్నీ కలిపి ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటొద్దన్నారు. మా ఇంట్లో మామిడికాయ తొక్కు లేకుండా ముద్ద దిగదు. "తొక్కు లేని బువ్వ ఎట్ల తింటవ్ బిడ్డా?" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. సోడియం తక్కువుండే ఉప్పు కొందామంటే డాక్టరమ్మ వద్దన్నారు. అందులో పొటాషియం ఉంటుందట, టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని పెంచుతుంది. అడక్కుండా కొననందుకు సంతోషించాను.

పొద్దున చాయ్ తాగకముందే బీపీ చూసుకుంటాను. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపు ఆనించి, పాదాలు నేలకు పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద. మా ఆవిడ పట్టీ చుట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి నోటుబుక్కులో రాస్తుంది. ఒకరోజు దుకాణం బాకీల గురించి ఫోన్లో అరిచి వెంటనే చూసుకుంటే పై అంకె 148. పావుగంట ఆగి చూస్తే 131. అప్పటి నుంచి ముందు ఫోన్ పక్కన పెడుతున్నాను.

పద్నాలుగు నెలల తర్వాత మళ్లీ ఎకో తీశారు. 12 మిల్లీమీటర్లు. డాక్టరమ్మ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూపించారు. "మాత్రలు మాత్రం ఆపొద్దు, ఇవి పనిచేస్తున్నందుకే తగ్గింది" అన్నారు.

ఇంటికొచ్చి ఆ రెండు అంకెలూ అమ్మకు చదివి వినిపించాను. ఆ రాత్రి నా పళ్లెంలో తొక్కు పెట్టే చోట ఉల్లిగడ్డ ముక్క, నిమ్మచెక్క పెట్టింది.