కుక్కల్ని వదిలిందెవరు బావా

ఈరోజు ఆఫీసు లేదు. జనవరి మూడో సోమవారం, మార్టిన్ లూథర్ కింగ్ డే. ఆయన పుట్టిన అట్లాంటాలోనే ఆరేళ్ళుగా ఉంటున్నా, ఆబర్న్ అవెన్యూలో ఆ ఇంటి వైపు ఒక్కసారీ వెళ్ళలేదు, సెలవంటే మాకు బట్టలు ఉతుక్కోవడమే. పైగా చలికి రాత్రి ఇడ్లీ పిండి పొంగలేదు, ఓవెన్‌లో లైటు వేసి పెట్టినా సరే. దాంతో టిఫిన్‌కి అక్కావాళ్ళింటికి చేరాను.

అక్కడ మేనల్లుడు స్కూల్ ప్రాజెక్టు రాసుకుంటున్నాడు, విషయం నల్లవాళ్ళ హక్కుల కోసం అహింసతో పోరాడిన ఆ కింగే. బావ వాట్సాప్‌లో ఏదో చదివాడట, "పేరుకే అహింస, ఆయన అడుగుపెట్టిన చోటల్లా గొడవలే కదా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. 1956 జనవరిలో అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీలో ఆయన ఇంటి మీద బాంబు వేశారు, లోపల భార్య, నెలల పాప. కోపంతో ఆయుధాలు పట్టుకొచ్చిన జనాన్ని, అదే ఇంటి వరండాలో నిలబడి, వాటిని తీసుకుని ఇళ్ళకి వెళ్ళిపొమ్మన్నాడు. ఆ రోజుల్లో ఆయనింట్లో తుపాకులు ఉండేవన్నదీ నిజమే, లైసెన్సు అడిగితే ఇవ్వలేదు. నేనిది నోరుజారి చెప్పేసరికి బావ "చూశావా" అని ఎగిరాడు. ఇల్లు కాపాడుకోవడానికి పెట్టుకోవడం, జనాన్ని ఉసిగొల్పడం ఒకటేనా? ఆ కాలపు మరో నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ పేరూ తెచ్చాడు బావ. మాటలు నిప్పులే, కాదనను, ఆయన దగ్గరుండి చేయించిన దాడి ఒక్కటి చూపించమన్నా. బావ సాంబారు వడ్డించుకున్నాడు.

అసలు బావ మాట కొత్తదేం కాదు. 1963 ఏప్రిల్‌లో అదే రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో 8 మంది తెల్ల మతగురువులు దాదాపు ఇదే అన్నారు, నల్లవాళ్ళ ఊరేగింపులు పైకి శాంతంగానే ఉన్నా ద్వేషాన్నీ హింసనీ రేపుతున్నాయని. దానికి కింగ్ జైల్లోంచి రాసిన జవాబు: జేబులో డబ్బుండబట్టే దొంగతనం జరిగిందని సొమ్ము పోయినవాణ్ణే తప్పుపడతారా అని. ఇది చెప్పి గెలిచాననుకున్నా.

కానీ ఆ ఊరి సంగతి నాకూ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అక్కడ పోలీసుల మీద అధికారం బుల్ కానర్‌ది, మొరటు మనిషి. ఆ సంగతి తెలిసే కింగ్ వాళ్ళు ఊరేగింపులకి ఆ ఊరిని ఎంచుకున్నారు, ఆ పథకానికి పెట్టుకున్న పేరులోనే 'ఢీకొనడం' అన్న అర్థం ఉంది. పెద్దవాళ్ళు జైలుకెళ్తే ఉద్యోగాలు పోతాయి, అందుకని కింగ్ సహచరుడు జేమ్స్ బెవెల్ పిల్లల్ని కూడగట్టాడు. కింగ్ ముందు తటపటాయించాడు, తర్వాత ఒప్పుకున్నాడు. మే 2న వెయ్యిమందికి పైగా పిల్లలు బడి మానేసి బయల్దేరారు, మర్నాడు వాళ్ళ మీదికి కుక్కల్ని వదిలారు, ఫైరింజన్ గొట్టాలతో నీళ్ళు కొట్టారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. 1964 పౌరహక్కుల చట్టం రావడానికి ఆ ఫొటోల బలం చాలానే పనిచేసింది. ఎదుటివాడు కొడతాడని తెలిసీ ఎదురు నిలబడటాన్ని హింసని ప్రోత్సహించడం అనను, చావనైనా చస్తాను గానీ అనను. కొట్టినవాడిదే కదా చెయ్యి! పిల్లల విషయానికొచ్చేసరికి మాత్రం నా గొంతు కొంచెం తగ్గింది, బావ గమనించాడో లేదో.

మేనల్లుడేమో పెన్సిలు పక్కన పెట్టి, "మా స్కూల్లో పిల్లలు అలా వెళ్తే నన్ను పంపిస్తావా నాన్నా?" అన్నాడు.

"కాళ్ళు విరగ్గొడతా" అన్నాడు బావ.

నన్నడిగినా పంపనని తెలుసు. పైకి అనలేదు. అక్క డబ్బాలో పిండి పోసిచ్చింది.